రేవులో ఊపిన తువ్వాలు

మా లంకలో పడవని నోటితో పిలిచేవాళ్ళు కాదు. లంక చుట్టూ గోదావరి పాయ వెడల్పు అలాంటిది. ఎంత గొంతు చించుకున్నా అవతలి గట్టుకి చేరేలోగా మాట గాలికి కొట్టుకుపోతుంది. అందుకని రేవులో మోకాలి లోతుకి దిగి, భుజం మీది తువ్వాలు తీసి తల మీదుగా ఊపేవాళ్ళు. అవతల తుమ్మచెట్టు నీడలో కూర్చున్న పడవవాడు చూసి లేచేవాడు. ఆడవాళ్ళు సంచీలో ఒక తుండుగుడ్డ పెట్టుకుని మరీ బయల్దేరేవాళ్ళు. నేను రాజమండ్రిలో ఇంటర్ చదివే రోజుల్లో నా పుస్తకాల సంచీలోనూ ఒకటి ఉండేది. తువ్వాలు ఏ రంగుదని అడిగిన మొనగాడు అప్పటిదాకా మా లంకలో పుట్టలేదు.

పుట్టించినవి పంచాయతీ ఎన్నికలు. తొంభైల నడుమ మా ఊళ్ళో ఇద్దరు ఆసాములు సర్పంచి పదవికి పోటీపడ్డారు. ఇద్దరికీ లంక మేట మీద పొగాకు తోటలున్నాయి. ఇద్దరికీ రాజమండ్రిలో మేడలున్నాయి. నిన్నటిదాకా ఇద్దరూ ఒకే బల్ల మీద పేకాడినవాళ్ళే. ఒకాయన తన వాళ్ళకి తెల్ల తువ్వాళ్ళు పంచాడు, రెండో ఆయన ఎర్రవి పంచాడు. తెల్ల తువ్వాళ్ళ ఆసామి గెలిచి పంచాయతీ రేవుని చేజిక్కించుకున్నాడు. ఓడినాయనకి రోషం పొడుచుకొచ్చి, దిగువన తుప్పలు కొట్టించి ఇంకో రేవు పెట్టి, తన సొంత పడవ దింపాడు. ఆ రోజు నుంచి పై రేవు వేరు, కింద రేవు వేరు. తెల్ల తువ్వాలు ఊపితే పై రేవు పడవ వస్తుంది, ఎర్రది ఊపితే కింద రేవు పడవ వస్తుంది. మారు తువ్వాలు ఊపినవాడికి చెయ్యి నొప్పే మిగిలేది. తర్వాత టీకొట్లు రెండయ్యాయి, మంగలి కుర్చీలు రెండయ్యాయి, వినాయక చవితి పందిళ్ళు కూడా రెండయ్యాయి. శివరాత్రికి పట్టిసీమ తీర్థానికి వెళ్ళే జనం కూడా రెండు పడవల్లో, ఒకరి మొహం ఒకరు చూడకుండా వెళ్ళొచ్చేవాళ్ళు.

మేము చేపలు పట్టుకుని బతికేవాళ్ళం. సెంటు భూమి లేదు. సర్పంచి ఎవరైనా మా వలలో పడే చేప పెరగదు, తరగదు. అయినా నాన్నకి పార్టీ పిచ్చి. వేట లేని రోజుల్లో పై రేవు ఆసామి తోటలో పనిచేసేవాడు కాబట్టి తెల్ల తువ్వాలు వేసుకున్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. మా తాటాకింటి మట్టిగోడ మీద పార్టీ గుర్తు వేయించాడు. వాన పడి అది కారిపోతే అన్నం మానేసి మళ్ళీ వేయించాడు. అమ్మ మాత్రం, "గోడకి సున్నం వెయ్యమంటే రెండేళ్ళ నుంచి తీరిక లేదుగానీ, ఆ బొమ్మకి రంగులు మాత్రం దొరుకుతాయి" అని దెప్పేది.

అమ్మకి ఒక్కడే తమ్ముడు. వాళ్ళది దిగువ పేట. మావయ్య మంచి పడవవాడని కింద రేవు ఆసామి తన పడవ అతని చేతిలో పెట్టాడు. దాంతో మావయ్య మెడలోకి ఎర్ర తువ్వాలు వచ్చింది. మా ఇంటికీ ఆ ఇంటికీ మధ్య కొబ్బరితోట ఒక్కటే అడ్డం. కానీ నాన్న, "ఆ గుమ్మం తొక్కావంటే మళ్ళీ ఈ గుమ్మం తొక్కకు" అన్నాడు అమ్మతో. అన్నవాడు నాన్నే గానీ, అనిపించింది పార్టీ. మావయ్యకి కొడుకు పుట్టినప్పుడు మేనత్త చేత్తో కట్టాల్సిన మొలతాడు అమ్మ నా చేతికిచ్చి పంపింది. ఆ రోజు అత్తయ్య, అంటే మావయ్య భార్య, మొలతాడు కళ్ళకద్దుకుని, "ఓట్లు ఎవరికేసుకున్నా ఫర్లేదండీ అని మీ అమ్మతో చెప్పమ్మా, ఆడపడుచు అడుగు పెట్టని ఇల్లు ఇల్లేనా?" అని ఏడ్చింది. నేను ఇంటికొచ్చి ఆ మాట అప్పజెప్పాను. అమ్మ పొయ్యి ఊదుతూ ఉండిపోయింది.

మూడేళ్ళు తిరక్కుండానే పార్లమెంటు ఎన్నికలొచ్చాయి. ఢిల్లీలో ఎవరు కుర్చీ ఎక్కుతారనే దానికి మా లంకలో తలకాయలు పగలడమేంటో నాకు ఇప్పటికీ అర్థం కాదు. శివరాత్రి దగ్గర పడుతున్న రోజులవి. ఏటిలో నీరు తీసింది, నడిమి మడుగులో తప్ప అంతా పడవ నెట్టే గెడకి నేల అందేది. పోలింగు రోజు తెల్లారేసరికి పై రేవు పడవ మునిగి ఉంది. ఎవరో అడుగు చెక్కలు గొడ్డలితో నరికేశారు. అవతలి గట్టున ఇటికబట్టీల్లో పనిచేసే మా పార్టీ జనం ఓటు వేయడానికి లంకలోకి రాకూడదని ఆ పని చేశారు. వాళ్ళు గట్టు మీద నిలబడి తెల్ల తువ్వాళ్ళు ఊపుతూనే ఉన్నారు, ఏటిలో తిరుగుతున్నది ఎర్ర పడవ ఒక్కటే. మావయ్యని నమ్మక, కింద రేవు ఆసామి తన మనిషినొకణ్ణి కర్రతో సహా పడవలో కూర్చోబెట్టాడు. ఆసామి చెప్పిన మాట పేటంతా విన్నారు: "ఎర్ర తువ్వాలు ఊపితేనే పడవ కదలాలి. తెల్లది ఊపితే నీ కన్నతల్లయినా సరే, లేవకు."

నాన్న ఆ రోజు స్కూల్లో పోలింగ్ ఏజెంటు. చొక్కాకి కాగితం పువ్వులాంటి బిళ్ళ పెట్టుకుని, తెల్ల తువ్వాలు ఉతికించుకుని, పెళ్ళికొడుకులా వెళ్ళాడు. అమ్మా నేనూ మధ్యాహ్నం లైన్లో నిలబడ్డాం. ఎదుటి లైన్లో అత్తయ్య ఉంది, చేతిలో పిల్లాడు లేడు. "నిద్రపోతున్నాడు, పక్కింటావిడని చూడమన్నాను" అని ఎవరితోనో చెప్పడం విన్నాను. అమ్మా అత్తయ్యా ఒకరినొకరు చూసుకుని చూపు తిప్పుకున్నారు.

పది మంది ఎర్ర తువ్వాళ్ళవాళ్ళు కిటికీలోంచి లోపలికి దూకారు. బ్యాలెట్ కాగితాల కట్ట లాక్కుని టపాటపా గుద్దుకుంటుంటే నాన్న అడ్డం పడ్డాడు. ఆయన అరుపు బయటికి వినబడింది: "ఊరోళ్ళ ఓట్లన్నీ మీరే గుద్దుతారేంట్రా?" ఆ వెంటనే చెక్క మీద చెక్క పడిన చప్పుడు. బెంచీ అనుకున్నాను. అది నాన్న తల. తెడ్డుతో కొట్టారు. మళ్ళీ కొట్టారు. బయట మావాళ్ళు సరుగుడు కర్రలు తీశారు, సోడా సీసాలు పగిలాయి, ఎవరో కారం చల్లారు. కాపలాకొచ్చిన పోలీసులు ఇద్దరూ బ్యాలెట్ పెట్టెతో సహా పక్క గదిలో గడియ పెట్టుకున్నారు. నేను చిన్నప్పుడు ఎక్కాలు నేర్చుకున్న గదిలో నాన్న బోర్లా పడి ఉన్నాడు, నల్లబల్ల మీద దాకా రక్తం చిమ్మింది. ఆ మనుషుల్ని ఒక్కొక్కణ్ణి నా చేతుల్తో పీక పిసికి చంపాలనిపించింది. అందులో సగం మంది నన్ను ఎత్తుకుని ఆడించినవాళ్ళే.

మా వీధిలో ఇద్దరు అన్నదమ్ములు నాన్నని నులకమంచం మీద వేసుకుని రేవుకి పరిగెత్తారు. వెనక అమ్మ, ఆయన తువ్వాలు గాయానికి అదిమిపట్టి మంచంతో పాటు పరిగెత్తింది. రేవులో మంచం దించాకే మునిగి ఉన్న పడవ వాళ్ళ కంటబడింది. పై రేవు పడవ మునిగిపోయిందన్న సంగతి ఆ కంగారులో ఒక్కరికీ గుర్తు రాలేదు. వాళ్ళలో పెద్దవాడు రక్తం అంటిన చేతులు చూసుకుని, "నువ్వు అన్నని చూసుకో వదినా. ఆ పేటలో ఒక్కణ్ణి మిగల్చం" అన్నాడు. ఇద్దరూ వచ్చిన దారినే పరిగెత్తారు.

నాన్న ముక్కులోంచి బుడగలు వస్తున్నాయి. అమ్మ మోకాలి లోతు నీళ్ళలోకి దిగింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర నుంచి చేతికి ఉన్న అలవాటు, చేతిలో ఉన్న గుడ్డ తీసి తల మీదుగా ఊపడం మొదలుపెట్టింది. ఏ పడవని పిలుస్తుందో ఆవిడకి తెలియదు. "రండిరా, ఎవరైనా రండిరా" అని ఏడుస్తోంది. నేనూ ఏడుస్తున్నాను. ఎర్ర పడవ రాదని నాకు తెలుసు. అవతల అది గట్టుకి ఆనుకుని ఉంది, కదలదు.

కదిలింది. నా కళ్ళని నేను నమ్మలేదు. తిన్నగా మా రేవుకే వస్తోంది. అప్పుడు అమ్మ చేతిలో గుడ్డ వైపు చూశాను. నాన్న ముచ్చటపడి ఉతికించుకున్న తెల్ల తువ్వాల్లో తెలుపన్నది మచ్చుకైనా లేదు. ఆ దూరం నుంచి మనిషి ఆనవాలు తెలియదు, ఎండలో రంగొక్కటే కనబడుతుంది. ఎర్ర తువ్వాలని వస్తున్నారు. తమవాళ్ళకేదో అయిందనుకుని వస్తున్నారు.

రేవుకి కాస్త దూరంలో పడవ ఆగిపోయింది. మావయ్య గెడ నేలలో గుచ్చి నిలబెట్టాడు.

"అక్కా... నువ్వా?"

"తమ్ముడూ, మీ బావరా. చచ్చిపోతున్నాడురా."

కాపలా మనిషి లేచాడు. "తిప్పెయ్. తెల్లోళ్ళు మోసం చేసి పిలిచారు. తిప్పు పడవని."

"మా బావండి."

"బావైతే ఏంటి, బాబైతే ఏంటి? ఆసామి ఏమన్నాడో మర్చిపోయావా? చచ్చేవాడు ఎలాగూ చస్తాడు, తిప్పు."

మావయ్య మెత్తని మనిషి. కోపంగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. గెడ పైకి లాగి, దాని మొనతో కాపలా మనిషి పొట్టలో ఒక్క పోటు పొడిచాడు. వాడు వెల్లకిలా నీళ్ళలో పడ్డాడు. లేచి పడవ అంచు పట్టుకుంటే వేళ్ళ మీద కొట్టాడు. వాడు బూతులు తిడుతూ ఒడ్డుకి కాళ్ళీడ్చుకుంటూ పోయాడు. మావయ్య నీళ్ళలోకి దూకి, మేమిద్దరం కాళ్ళు పట్టుకుంటే, తను భుజాలు పట్టుకుని నాన్నని పడవలోకి ఎక్కించాడు. మూడేళ్ళలో బావని ముట్టుకోవడం అదే మొదటిసారి.

పడవ వెనక నిలబడి మావయ్య గెడ వేస్తున్నాడు. అమ్మ అతనికి ఎదురుగా, నాన్న తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను ఆవిడ పక్కన. అందుకని మావయ్యకి ముందు గట్టు, మా ఇద్దరికీ ముందు లంక. సగం దూరం వెళ్ళాక లంకలో పొగ లేచింది. కొబ్బరితోట అవతల, దిగువ పేటలో. మొదట సన్నగా లేచి, చూస్తుండగానే చెట్ల మొవ్వుల్ని కప్పేసింది. ఆ వరసలో మొదటి ఇల్లు ఎవరిదో నాకు తెలుసు. మొలతాడు పట్టుకుని వెళ్ళిన ఇల్లు. అమ్మ పుట్టిన ఇల్లు. నేను నోరు తెరిచాను. అమ్మ కాలితో నా పాదాన్ని తొక్కిపట్టింది. ఎంత గట్టిగా తొక్కిందంటే గోరు చితికింది.

మావయ్య ముక్కుకి వాసన తగిలింది. ఒక్కసారి తల తిప్పి చూశాడు.

"పొగేంటే అక్కా?"

అమ్మ తడుముకోకుండా అంది, "ఎవరిదో గడ్డిమేటు తగలెట్టారు లేరా. నువ్వు గెడ వెయ్యి."

అతను ముందుకి తిరిగి గెడ వేశాడు. నడిమి మడుగులో గెడ అందకపోతే తెడ్డు తీశాడు. ఊపిరి బిగబట్టి, చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయేలా వేశాడు. లోపల పిల్లాడు నిద్రపోతున్నాడని నాకు తెలుసు, అమ్మకి తెలుసు. లైన్లో ఆ మాట మేమిద్దరం విన్నాం. గట్టు చేరేదాకా నేను అమ్మ మొహం చూడలేదు. ఆ క్షణంలో ఆవిడంటే నాకు అసహ్యం వేసింది, అదే క్షణంలో ఆవిడ నోరు తెరవకూడదని దేవుడికి మొక్కుకున్నాను కూడా. రెండూ నిజమే.

నాన్న బతికాడు. రాజమండ్రి పెద్దాసుపత్రిలో తలకి కుట్లు వేశారు, ఎడమ కన్ను పోయింది. మమ్మల్ని రిక్షా ఎక్కించి మావయ్య వెంటనే వెనక్కి వెళ్ళాడు. ఆ తర్వాత జరిగినవి మాకు ముక్కలు ముక్కలుగా తెలిశాయి. మంచం మోసిన అన్నదమ్ములే వెళ్ళి పేటకి నిప్పు పెట్టారు. ఆ ఇంటి మగాడు, వాళ్ళు అన్నా అని పిలిచే నాన్ననే పడవలో దాటిస్తున్నాడని వాళ్ళకి తెలియదు. తెలిసినా ఆగేవాళ్ళని నాకు నమ్మకం లేదు. స్కూలు దగ్గర నుంచి అత్తయ్య పరిగెత్తుకెళ్ళి, మండే తాటాకు చేతుల్తో తోసుకుని పిల్లాణ్ణి బయటికి లాక్కొచ్చింది. పిల్లాడికి దెబ్బ తగల్లేదు. ఆవిడ రెండు చేతులూ మోచేతుల దాకా కాలిపోయాయి. ఇల్లు, వలలు, చూరులో దోపిన ఎర్ర తువ్వాలు, అన్నీ బూడిదయ్యాయి.

మావయ్య రేవులో దిగేసరికి సొంత పార్టీవాళ్ళు కాచుకుని ఉన్నారు. "ఏ చేత్తో గెడ వేశావురా?" అని అడిగారట. కుడి చెయ్యి పడవ అంచున పెట్టించి, అదే గెడతో విరగ్గొట్టారు. ఒకే పూట ఆ పార్టీ చెయ్యి విరిచింది, ఈ పార్టీ ఇల్లు కాల్చింది. ఆంబోతుల పోట్లాటలో లేగదూడల కాళ్ళు విరిగినట్టు అంటారు. ఆంబోతులు మాత్రం ఆ రోజు సాయంత్రం ఎవరి మేడలో వాళ్ళు కాఫీ తాగుతూ కూర్చున్నారు.

పై రేవు ఆసామి బత్తాయిలు పట్టుకుని ఆసుపత్రికి వచ్చాడు. "నీ త్యాగం పార్టీ మర్చిపోదయ్యా" అన్నాడు నాన్నతో. నాన్న ఉన్న కంటితో ఆనందబాష్పాలు కార్చాడు. "మనమే గెలుస్తాం కదండీ?" అని అడిగాడు. నాకు ఒళ్ళు మండి, ఆ బత్తాయిలు కిటికీలోంచి పారేశాను. ఆ ఎన్నికల్లో ఢిల్లీలో వచ్చిన ప్రభుత్వం ఏడాది తిరిగేసరికి పడిపోయింది. ఇంకో ఎన్నిక వచ్చింది, ఇంకో కట్ట తువ్వాళ్ళు వచ్చాయి.

నాన్న మళ్ళీ తువ్వాలు వేసుకోలేదు. "తమ్ముడింటికి వెళ్ళవే" అని అమ్మని ఆయనే బతిమాలాడు. అమ్మ వెళ్ళలేదు. ఇదివరకు పార్టీ ఆపింది, ఇప్పుడు ఆ అబద్ధం ఆపింది. ఎక్కడైనా చెత్త తగలేస్తే లోపలికెళ్ళి తలుపేసుకునేది. మావయ్య చెయ్యి వంకరగా అతికింది, వల విసరడానికి లేవదు. అత్తయ్య ఆ కాలిన చేతులతోనే చేపల గంప మోసి వాళ్ళ సంసారం నెట్టుకొచ్చింది.

తర్వాత కొన్నేళ్ళకి ఆసాములిద్దరూ ఒకే పార్టీలో చేరారు. అక్కడితో ఆగక ఇద్దరూ వియ్యంకులయ్యారు. కూతుర్నీ కొడుకునీ ఇచ్చిపుచ్చుకుని, లంకలో పెద్ద పందిరి వేసి రెండు పేటలకీ భోజనాలు పెట్టారు. మగవాళ్ళందరికీ తువ్వాళ్ళు పంచారు. తెల్ల నేతకి ఎర్ర అంచు! నాన్న ఆ తువ్వాలు చేతిలోకి తీసుకుని ఒంటి కన్నుతో అటూ ఇటూ తిప్పి చూశాడు. విస్తరి ముందు కూర్చున్నవాడల్లా లేచి చెయ్యి కడుక్కున్నాడు. ఆడవాళ్ళ పంక్తిలోంచి అమ్మ కూడా లేచింది. తిన్నగా కొబ్బరితోట దాటి దిగువ పేటకి నడిచింది. నేనూ నాన్నా వెనకే వెళ్ళాం.

మావయ్యావాళ్ళు పెళ్ళికి వెళ్ళలేదు. అత్తయ్య పొయ్యి మీద చేపల పులుసు దించుతోంది. ఆడపడుచుని గుమ్మంలో చూసి గబగబా పీటలు వాల్చింది, కంచాలు పెట్టింది. అమ్మ కూర్చోలేదు. నిలబడే చెప్పింది.

"తమ్ముడూ, ఆ రోజు పడవలో నేను నీకు అబద్ధం చెప్పానురా. అది గడ్డిమేటు కాదు. తగలబడేది మనిల్లేనని నాకు తెలుసు. పిల్లాడు లోపలున్నాడనీ తెలుసు. నువ్వు వెనక్కి తిరిగితే మీ బావ పోతాడని చెప్పలేదు."

మావయ్య వంకర చేత్తో కంచం ముందుకి లాక్కున్నాడు. అమ్మ వైపు చూడకుండా అన్నాడు.

"నాకూ తెలుసే అక్కా. గడ్డి కాలితే తెల్లపొగ వస్తుంది. నైలాను వల కాలితేనే అంత నల్లగా లేస్తుంది. ఆ వరసలో చూరు కింద వలలున్నది మనింటికే కదా. పిల్లాడు లోపలున్నాడో, బయటున్నాడో తెలీదు. అయినా గెడ వేశాను."

అత్తయ్య గరిటె గాలిలో ఆగింది. ఇన్నేళ్ళుగా ఆ మాట ఆవిడకి తెలియదని ఆవిడ మొహమే చెప్పింది. మావయ్య తల వంచుకున్నాడు. పిల్లాడు, ఇప్పుడు బడికెళ్ళే పిల్లాడు, వాకిట్లో ఏదో పాట పాడుకుంటున్నాడు. అత్తయ్య మోచేతుల దాకా ముడతలు పడ్డ తన చేతుల వైపు ఒకసారి చూసుకుంది. మావయ్య కంచం దాటి వెళ్ళి ముందు నాన్నకి వడ్డించింది, తర్వాత నాకు, తర్వాత అమ్మని భుజం పట్టి కూర్చోబెట్టి ఆవిడకి. చివరికి మావయ్య ముందు చాలాసేపు నిలబడింది.

"తినండి," అంది వడ్డిస్తూ. "చల్లారిపోతుంది."